కోహెడకు పోయిన ఎలుగుబంటి

నా దగ్గర రెండువందల పద్నాలుగు ఎలుగుబంట్లు ఉన్నాయి. అవిగాక విడిగా నాలుగు కాళ్ళు ఉన్నాయి. ఆ కాళ్ళ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అన్నీ కాగితంవే. పోస్టుకార్డుల మీది ఫొటోలు, బొమ్మలు. ఫిన్లాండు నుంచి, జపాను నుంచి, కెనడా నుంచి, పేరు పలకడానికి నాలుక సహకరించని ఊళ్ళ నుంచి నన్ను వెతుక్కుంటూ సిద్దిపేటకు వచ్చాయి. నది మధ్యలో నిలబడి చేపకోసం నోరు తెరిచినవి, మంచులో పిల్లలను వెంటేసుకుని నడిచేవి, ఎవరో టోపీ పెట్టి సైకిలెక్కించినవి. ఈ వయసులో ఇదేం పిచ్చి అని అడగని మనిషి మా గల్లీలో లేడు. దేవుళ్ళ బొమ్మలైతే పుణ్యమన్నా వచ్చేది కదా అని ఎదురింటావిడ ఇప్పటికి మూడుసార్లు అంది. మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, ఒక ఆదివారం నా చైనా పాండాను తీసి మజ్జిగ గ్లాసు మీద మూతగా పెట్టింది. అదేమిటని అడిగితే "ఈగలు పడుతున్నయి వదినె" అంది. పాండా ముఖం మీద ఇప్పటికీ గుండ్రటి మరక ఉంది. తర్వాత ఆమె నాకు రెండు చీరలు పెట్టింది. నాకు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో వారం రోజులు నేలమీద పడుకుని నన్ను చూసుకుంది. అవన్నీ వేరు. మరక వేరు.

నేను కరెంటు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిర్యాదుల రిజిస్టరు రాశాను. స్తంభం ఒరిగిందనీ, ట్రాన్స్‌ఫార్మరు కాలిందనీ, లైన్‌మన్ రాలేదనీ జనం చెప్పేవాళ్ళు. నేను నంబరు వేసి రాసుకునేదాన్ని. అన్నేళ్ళలో ఎవరూ నీ సంగతేమిటమ్మా అని అడగలేదు. అందుకని రిటైరైన మరునాడే ఒక లావుపాటి నోటుబుక్కు కొని, నా ఫిర్యాదులు నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకటో నంబరు ఫిర్యాదు మా బాపు మీద. ఆయన అప్పటికి పోయి పన్నెండేళ్ళు. పోయినంత మాత్రాన ఫిర్యాదు రద్దు కాదు.

ఆ ఫిర్యాదు ఇది. అప్పుడు నాకు ఏడేళ్ళు, తమ్ముడికి నాలుగు. ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు ఏడాదికి ఒకటి రెండుసార్లు మా గల్లీకి వచ్చేవాళ్ళు. నల్లటి జంతువు, దాని ముక్కులోంచి తాడు, తాడు చివర కర్ర పట్టుకున్న మనిషి. పిల్లలను ఎలుగుబంటి మీద కూర్చోబెట్టి నాలుగడుగులు నడిపిస్తే జడుపు పోతుందని మావైపు నమ్మకం. నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చే పిల్లలకైతే దాని వెంట్రుక ఒకటి తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవాళ్ళు. ఆ రోజు గల్లీలోని తల్లులంతా పిల్లలను చంకనేసుకుని వరసలో నిలబడ్డారు. బాపు మా తమ్ముడిని ఎత్తి ఎలుగుబంటి మీద కూర్చోబెట్టాడు. వాడు దాని చెవులు పట్టుకుని మా గడప దగ్గర నుంచి పిండిగిర్ని దాకా వెళ్ళి వచ్చాడు. నేను బాపు అంగీ పట్టుకుని లాగాను.

"బాపూ, నన్ను గూడ ఎక్కియ్యి."

బాపు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీకెందుకే. నువ్వు దేనికి జడుస్తవు. నిన్ను చూస్తే ఎలుగుబంటే జడుస్తది."

గల్లీ అంతా నవ్వింది. తాడు పట్టుకున్న మనిషి కూడా నవ్వాడు. ఎలుగుబంటి నవ్వలేదు. ఆ సంగతి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నిజానికి ఆ వయసులో నాకు బోలెడు భయాలుండేవి. బల్లి అంటే భయం. పిండిగిర్ని మొదలుపెట్టగానే వచ్చే మోత అంటే భయం. భుజాన సంచి వేసుకున్న మగమనిషి ఎవరు ఎదురొచ్చినా భయం. పడుకునే ముందు అవ్వ కొంగును నా కాలివేలికి ముడివేసుకునేదాన్ని, ఆమె లేచిపోతే నాకు తెలియాలని. కాకపోతే భయమేస్తే అరిచే అలవాటు నాకు లేదు. అరిచిన తమ్ముడికి ఎలుగుబంటి దొరికింది, తాయెత్తు దొరికింది. అరవని నాకు ఒక పేరు దొరికింది. అక్కడి నుంచి తేలు కనిపిస్తే నన్ను పిలిచారు. శవం పక్కన కూర్చోవడానికి నన్ను పిలిచారు. ఆఫీసు మీదికి జనం గొడవకొస్తే సార్లందరూ లోపలికి పోయి నన్ను వరండాలోకి తోశారు. దానికేం, అది దేనికీ జడువది.

ఇప్పుడు ఆ ఆట లేదు. చట్టం వచ్చి ఆపేసింది. మంచిపని. ముక్కులో తాడుతో ఊరూరా తిరిగిన ఆ జంతువు ఫిర్యాదు ముందు నాది ఏపాటిదో నాకు తెలుసు. అలాగని నాది కొట్టేసుకోలేను.

కార్డుల సంగతి రిటైరయ్యాకే మొదలైంది. ఫోనులో ఏదో వెతుకుతుంటే ఒక వెబ్‌సైటు తగిలింది. మనం ముక్కూమొహం తెలియనివాళ్ళకు కార్డు రాస్తే, ముక్కూమొహం తెలియనివాళ్ళు మనకు రాస్తారు. ఎవరికి ఏ బొమ్మలు ఇష్టమో పరిచయంలో రాసుకోవచ్చు. నేను రాశాను: ఎలుగుబంట్లు మాత్రమే. టెడ్డీలు వద్దు. పాండా ఎలుగుబంటేనా అన్న విషయంలో నాకు అనుమానాలున్నాయి. మొదటి కార్డు ఫిన్లాండు నుంచి వచ్చింది. బురదనేలలో కూర్చున్న గోధుమరంగు ఎలుగుబంటి, అచ్చం సెలవు చీటీ చూస్తున్న మా పాత సూపరింటెండెంటు ముఖం. దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇది నాది, నా పేరు మీద వచ్చింది, దీన్ని ఎక్కడానికి ఎవరి అంగీ లాగక్కర్లేదు అనిపించింది.

బదులు పంపడమే కష్టం. సిద్దిపేటలో బొమ్మల పోస్టుకార్డులు దొరకవు. ఫొటో స్టూడియోలో కోమటి చెరువు ఫొటో వేయించి, అట్టమీద అంటించి పంపేదాన్ని. ఇన్నేళ్ళుగా ప్రపంచమంతటికీ అదే చెరువు, అదే మబ్బు. స్టూడియో అతను ఒకసారి "గంతమంది చుట్టాలున్నరా మేడం మీకు" అని పళ్ళికిలించాడు. నా నోటుబుక్కులో అది ముప్పై ఆరో నంబరు.

వీళ్ళందరిలో నాకు మిగిలిన మనిషి ఒక్కతే. బల్గేరియాలో ఉంటుంది, రిటైరైన పళ్ళ డాక్టరు. మొదటిసారి ఆవిడ గుండెను హత్తుకున్న టెడ్డీని పంపింది. నా పరిచయం చదవడం రాదా అని రాశాను. ఆవిడ తిరుగు టపాలో జవాబిచ్చింది: నలభై ఏళ్ళు పళ్ళు పీకాను, అంత నొప్పిలో కూడా నాతో ఎవరూ ఇంత కటువుగా మాట్లాడలేదు, నువ్వు నాకు నచ్చావు. ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే అధ్వాన్నం కాబట్టి మాకు బాగా కుదిరింది. బాపు, తమ్ముడు, పిండిగిర్ని కథ మొత్తం ఆవిడకు మూడు కార్డుల మీద రాసి పంపాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ దేశంలో కూడా పూర్వం ఎలుగుబంటివాళ్ళు ఊళ్ళు తిరిగేవాళ్ళట. అదే తాడు, అదే ముక్కు.

తర్వాత కొన్నాళ్ళకు ఫోనుకు సందేశం పెట్టింది. పాత సామాన్ల సంతలో ఒక కార్డు దొరికిందట. తలకు రుమాలు కట్టుకున్న ఆడపిల్ల ఎలుగుబంటి మీద కూర్చుని ఉన్న పాత ఫొటో. ఇలాంటిది తను ఇంకొకటి చూడలేదనీ, రేపే పోస్టులో వేస్తున్నాననీ రాసింది. వెనకాల ఒకే ఒక్క వాక్యం రాశానంది: ఈ పిల్లవు నువ్వే అనుకో.

నా దగ్గర ఉన్న రెండువందల చిల్లర కార్డుల్లో ఎలుగుబంటి ఎక్కిన ఆడపిల్ల ఒక్కతీ లేదు. మా తమ్ముడు ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తాడు. ఆ కార్డు రాగానే వాడి కంచం పక్కన పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఏమీ మాట్లాడను. ఊరికే పెడతాను. వాడు చూడాలి.

రెండు నెలలైంది. కార్డు రాలేదు.

మా గల్లీకి ఉత్తరాలు ఎలా వస్తాయో ఇక్కడ చెప్పాలి. పోస్టుమ్యాన్ ఇల్లిల్లూ తిరగడు. మూలమీది లేడీస్ టైలర్ దుకాణంలో అందరివీ ఇచ్చి పోతాడు, అటుగా వెళ్ళినప్పుడు ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారు. ఇది గల్లీవాళ్ళు కోరి పెట్టుకున్న పద్ధతే, అతన్ని అనడానికి లేదు. దుకాణం నడిపే ఆమె నాకంటే ఐదారేళ్ళు చిన్నది. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, కోపమొస్తే రెండూ. తొమ్మిదేళ్ళ క్రితం నా జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టి, "బట్ట గదే ఉన్నదక్కా, నువ్వే మారినవ్" అంది. అప్పటి నుంచి ఉత్తరాలు తెచ్చుకోవడం తప్ప నాకు ఆమెతో పనిలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఏడాదిగా నా కార్డులు ఊదు వాసనతో వస్తున్నాయి. జపాను ఎలుగుబంటి అంచుకు కొబ్బరినూనె అంటింది. కెనడా ఎలుగుబంటి నుదుట కుంకుమ బొట్టు. పోస్టుమ్యాన్‌ను ఆపి అడిగితే అతను బొట్టును పరీక్షగా చూసి, "గాడ గూడ మనోళ్ళున్నరు గద మేడం, వాళ్ళు పెట్టిన్రేమో" అన్నాడు. నేను నమ్మాను. కెనడాలో మనవాళ్ళు ఉన్నమాట నిజమే కదా.

బల్గేరియా కార్డు గురించి అడిగినప్పుడు మాత్రం అతను తడుముకోలేదు.

"వచ్చింది మేడం. పాత ఫొటో, ఎలుగుబంటి మీద పాప. నెల పైననే అయింది. టైలర్ దుకాన్ల ఇచ్చిన."

"నా కార్డు నువ్వు చదివినవా?"

"కార్డంటె తెరిచే ఉంటది గద మేడం. నేను చదువలే. చూసిన."

అటునుంచి అటే దుకాణానికి వెళ్ళాను. ఆమె మిషన్ తొక్కుతోంది.

"నా కార్డేది?"

"కూసో అక్కా. చాయ్ తెప్పిస్త."

అడగకుండా చాయ్ అన్నారంటే తప్పు జరిగినట్టు. ఆఫీసులో నేర్చుకున్న ఒక్క విద్య అది. నేను కూర్చోలేదు.

"చాయ్ వద్దు. ఎలుగుబంటి మీద పాప ఉన్న కార్డు. యాడున్నది?"

ఆమె మిషన్ ఆపి, దారం పంటితో తెంపి, నన్ను చూసింది. "గుస్సా చెయ్యనంటె చెప్త."

"చేస్త. చెప్పు."

"కోహెడల ఉన్నది."

ఆమె చెప్పింది ఇదీ. నిరుడు ఆమె మనుమరాలు నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చేది. దర్గాకు తీసుకుపోయారు, తావీజు కట్టించారు, తగ్గలేదు. ఎలుగుబంటివాళ్ళు రావడం ఎప్పుడో ఆగిపోయింది. అప్పుడే నాకు వచ్చిన కార్డొకటి ఆమె మిషన్ మీద ఉంది. ఒక్క రాత్రి పిల్ల తలగడ కింద పెట్టి చూద్దామనుకుంది.

"పొద్దెక్కేదాక పండుకున్నదక్కా. ఖుదా కసం. తెల్లారి నీ కార్డు నీకిచ్చిన గద."

"ఇచ్చినవ్. ఊదు వాసనతోని."

"మంచి వాసనే గద అది."

ఆ సంగతి జాకెట్టు కొలతలకు వచ్చిన ఒకామెకు చెప్పింది. ఆమె ఇంకొకామెకు చెప్పింది. ఇక అక్కడి నుంచి నాకొచ్చిన ప్రతి ఎలుగుబంటీ ముందు ఎవరో ఒక పిల్ల తలగడ కింద పనిచేసి, తర్వాత నా దగ్గరికి వచ్చింది. మామూలు జడుపుకు ఒక రాత్రి, మొండి జడుపుకు మూడు. ముస్లింల ఇంటికి పోతే ఊదు, హిందువుల ఇంటికి పోతే కుంకుమ. ఒక చర్చికి పోయే ఇంట్లో కార్డును బైబిలులో పెట్టి ఇచ్చారట, అది మాత్రం నలగకుండా వచ్చింది.

"తెల్లయి పనిచేస్తలేవు" అంది ఆమె, నేను అడిగినట్టుగా. "మంచుల ఉంటయి గద, గవి. ఒక పిల్లకు పెడితె సర్ది జేసింది. పాండానైతె ఎవ్వలు తీస్కపోరు. గది ఎలుగో పిల్లినో ఎవలకు తెల్సు. గా బొమ్మ ఎలుగులకైతె అసలు బలముండది."

టెడ్డీల మీద, పాండా మీద మా ఇద్దరి అభిప్రాయం ఒకటేనని తెలిసి ఒళ్ళు మండిపోయింది.

"నన్నొక్క మాట అడుగొద్దా?"

"అడిగితె ఇస్తువా?"

"ఇయ్య."

"గందుకే అడగలే."

బల్గేరియా కార్డును తీసుకుపోయింది కోహెడ నుంచి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే మనిషి. పత్తి ఏరే కూలికి పోతుందట. చిన్నబిడ్డ రాత్రంతా ఏడుస్తోందట. కార్డు మీద ఏకంగా పిల్లే ఎక్కి కూర్చున్న ఎలుగుబంటిని చూసి, ఇంతకంటే మంచిది దొరకదని మూడు రోజులకని పట్టుకుపోయింది. నెల దాటింది. ఫోను చేస్తే ఎత్తడం లేదు.

"దుకాణం బంద్ చెయ్యి" అన్నాను. "నడువు."

"ఇప్పుడా? పెండ్లి జాకెట్లున్నయక్కా."

"నా కార్డు ఉండె గద, దాన్ని ఆపినవు గద. జాకెట్లు గూడ ఆగుతయి."

కోహెడ బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, వేరే సీటు లేక. ఆమె ఒళ్ళో ఆ కోహెడ మనిషి జాకెట్లు, వాటి మీద దుకాణం కత్తెర. ఎందుకు కత్తెర అంటే, చేతులు బిగుతైతే అక్కడికక్కడే విప్పి ఇవ్వడానికి అంది. తొమ్మిదేళ్ళ క్రితం నాకు ఈ సౌకర్యం లేదు. ఆ మాట పైకే అన్నాను. ఆమె కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంది. నేను నోటుబుక్కు తీసి, ఆ ఇల్లాలితో ఏమేం అనాలో వరసగా రాసుకున్నాను. పేజీన్నర వచ్చింది.

రేకుల ఇల్లు. గడపలో ఆరేళ్ళ పిల్ల ఒకతె కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఎవలు మీరు?"

"మీ అమ్మ ఉన్నదా?"

"ఉన్నది. ఎవలో చెప్తేనే పిలుస్త."

చెప్పాను. పూర్తిగా విని, సరిపోయిందన్నట్టు తలూపి, అప్పుడు లోపలికి పోయింది. తల్లి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది, టైలర్‌ను చూసి రెండు కుర్చీలు వేసింది. ఫోను నీళ్ళలో పడి పాడైందని ముందే చెప్పేసింది. నేను కార్డు అన్నాను. ఆమె దేవుడి పటం వెనక నుంచి దాన్ని భద్రంగా తీసి, కళ్ళకద్దుకుని, నా చేతికిచ్చింది.

కార్డు బాగుంది. పిల్ల ఉంది, తలకు రుమాలు ఉంది, తాడు పట్టుకున్న మీసాల మనిషి ఉన్నాడు. ఎలుగుబంటి వీపు మీద, పిల్ల కూర్చున్న చోటికి సరిగ్గా వెనకాల, బొటనవేలంత చదరపు కన్నం ఉంది. అందులోంచి నా చీర కనిపిస్తోంది.

"ఇదెవలు కోసిన్రు?"

"నేనే గోసినమ్మా" అంది తల్లి, ఏ జంకూ లేకుండా. "మెత్త కింద పెడితె ఒక్కరోజు పండుకున్నది. మల్ల ఏడ్సుడే. ఎంటిక గావాలె, ఉత్త బొమ్మ పెడితె ఎట్ల అని మా అత్త అన్నది. ఎంటికలు వీపు మీదనే మంచిగ కనవడ్డయి. గంతే గోసి తాయెత్తుల పెట్టిన."

"ఫొటోల ఎంటికలు ఉంటయా?"

"ఫొటో గూడ గా ఎలుగుదే గదమ్మా."

టైలర్ గోడ వైపు ముఖం తిప్పుకుని, "కత్తెర పెట్టద్దని చెప్పిన నేను" అంది నెమ్మదిగా.

తాయెత్తు కట్టిన చిన్నపిల్ల చాపమీద పడుకుని ఉంది. రెండేళ్ళుంటాయి. మెడలో నల్లదారం, దారానికి ఇత్తడి గొట్టం, గొట్టంలో నా ఎలుగుబంటి వీపు. పట్టపగలు, ఇంతమంది మాట్లాడుతుంటే, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇప్పుడు రాత్రిళ్ళు కూడా ఇలాగే పడుకుంటోందని తల్లి చెప్పింది. చెబుతుంటే ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత నిద్రపోయిన మనిషి తెరిపి కనిపించింది. నేను నోటుబుక్కు తెరిచాను. పేజీన్నర ఉంది కదా, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి.

అప్పుడు పెద్దపిల్ల తలుపుకు ఆనుకుని, నా చేతిలోని కార్డునే చూస్తూ అంది. "అమ్మా, నాక్కూడ కట్టుమన్న గద."

తల్లి నవ్వింది. "నీకెందుకే. ఇది దేనికీ జడువదమ్మా. పాము కనవడ్డా గిట్లనే నిలవడతది. మేం పత్తికి పోతె ఇల్లు, చిన్నది, అన్ని గిదే చూసుకుంటది." టైలర్ కూడా నవ్వింది. పిల్ల నవ్వలేదు.

నోటుబుక్కు మూసేశాను.

"ఇటు రా" అన్నాను. వచ్చింది. "నువ్వు దేనికి జడుస్తవు?"

పిల్ల తల్లి వైపు చూసింది, టైలర్ వైపు చూసింది, నా చెవి దగ్గరికి వచ్చింది. నోట్లోంచి పచ్చి చింతకాయ వాసన. "మోటర్ స్టార్టర్ సప్పుడుకు."

"ఇంక?"

"బాత్రూంల తొండకు. అమ్మ వచ్చేసరికి పొద్దు మునిగితె."

"ఇంక?"

నా చెవికి చెయ్యి అడ్డం పెట్టింది. "చిన్నది పండుకుంటె ఊపిరి తీస్తుందా లేదా అని ముక్కుకాడ చెయ్యి పెట్టి చూస్త. ఎవలకు చెప్పకు."

ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి చెప్పినట్టే. ఆ పిల్లకు నామీద ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

నేను టైలర్ ముందు చెయ్యి చాపాను. "కత్తెర."

"అక్కా, వద్దు" అంది ఆమె. నేను ఎవరిని పొడవబోతున్నాననుకుందో తెలియదు. జాకెట్ల కింద దాచబోయింది, నేనే తీసుకున్నాను. కార్డును మోకాలి మీద పెట్టుకుని చూశాను. ఇలాంటిది ఇంకొకటి చూడలేదని డాక్టరమ్మ రాసింది. నేనూ చూడలేదు. మొదట ఒక చెవి కోద్దామనుకున్నాను. చెవి ఇస్తే ఈ పిల్ల ఊరుకునే రకం కాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది, నేనైనా ఊరుకోను. మెడ దగ్గర మొదలుపెట్టి, ముక్కు, తాడు ముడి, రెండు చెవులు కలిపి తల మొత్తం కోశాను. బట్టలు కోసే కత్తెర కదా, అట్ట దానికి ఒక లెక్క కాదు. కరకరా రెండు చప్పుళ్ళు.

"చిన్నదానికి వీపు, నాకు తలకాయనా?" అంది పిల్ల, బేరం సరిచూసుకుంటూ.

"తలకాయే."

"అయితె మంచిదే."

టైలర్ జాకెట్ల సంచిలోని ఎర్రటి గుడ్డపీలిక తీసి, సూది దారంతో అక్కడే చిన్న సంచీ కుట్టి, తలను అందులో పెట్టి మూతి కుట్టేసింది. పిల్ల మెడ వంచి నిలబడి "గట్టిగ కట్టు" అంది. ఈసారి ఆమె కుట్టు బిగుతుగా ఉన్నా ఎవరూ ఏమీ అనలేదు. తల్లి మాత్రం నన్ను అదోలా చూస్తూ, "గది దేనికీ జడువదమ్మా, నిజంగ" అంది.

"అందరు గట్లనే అంటరు" అన్నాను.

తిరుగు బస్సులో టైలర్ "నీ కార్డు ఖరాబైంది గదక్కా" అంది.

"అయింది. మర్చిపోను."

"తెల్సు." మళ్ళీ ఆమే అంది. "నీ జాకెట్టు తేపో. చేతులు విప్పి ఇస్త."

"తొమ్మిదేండ్లాయె. గది పాతగుడ్డయింది."

"నువ్వు పారేయవు. నాకు తెల్సు."

పారేయలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

బల్గేరియాకు ఉన్నదున్నట్టు రాశాను. ఎలుగుబంటి చేరింది, తల ఒకచోట, వీపు ఒకచోట ఉద్యోగం చేస్తున్నాయి, నా దగ్గర పొట్ట, కాళ్ళు ఉన్నాయి అని. పీకిన పన్ను మళ్ళీ పెట్టమని అడిగినవాళ్ళను చూశాను కానీ నీలాంటిదాన్ని చూడలేదని ఆవిడ జవాబు రాసింది. పెద్దపిల్ల ఇప్పుడు స్టార్టరు మోతకు భయపడుతోందా లేదా కనుక్కుని చెప్పమంది. టైలర్ ద్వారా కనుక్కున్నాను. భయపడుతోందట. కాకపోతే ఇప్పుడు పైకే చెబుతోందట.

ఆదివారం తమ్ముడు మరదలిని తీసుకుని వచ్చాడు. అనుకున్న ప్రకారమే కార్డును వాడి కంచం పక్కన పెట్టాను. వాడు పప్పు కలుపుతూ చాలాసేపు చూశాడు. నాలుగు కాళ్ళ మీద, పొట్ట మీద, తల లేని జంతువుపై పిల్ల దర్జాగా కూర్చుని ఉంది. మీసాల మనిషి తాడు పట్టుకుని ఖాళీ వైపు చూస్తున్నాడు.

"గిదేం జంతువక్కా?"

"ఎలుగుబంటి."

"తలకాయేది?"

"డ్యూటీ మీద పోయింది. కోహెడల ఉన్నది."

వాడు ఇంకేమీ అడగలేదు. నన్ను ఎక్కువ అడిగితే ఏమవుతుందో వాడికి తెలుసు. నేనే అడిగాను. "నువ్వు చిన్నప్పుడు ఎలుగుబంటి ఎక్కినవు గద. యాదికున్నదా?"

"నేనా?" ముద్ద నోటి దగ్గర ఆగింది. "ఎప్పుడు?"

"మన గల్లీల. బాపు ఎక్కిచ్చిండు. పిండిగిర్ని దాక పోయినవు."

వాడు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అది ఒప్పుకోవాలి. "లేదక్కా. నేను బాపు సంకల ఉన్న. ఎక్కింది నువ్వే. చెవులు పట్టుకొని పోయినవు గద. నువ్వే గద దేనికీ జడువనిదానివి."

ఇన్నేళ్ళు నేను మోసిన ఎలుగుబంటిని వీడు ఎక్కినట్టు కూడా గుర్తుపెట్టుకోలేదు. పైగా నాకే ఇచ్చేశాడు, కంచంలోంచి చూపు ఎత్తకుండా. మరదలు మజ్జిగ గ్లాసు తెచ్చి, మూతకోసం అటూ ఇటూ చూసి, కార్డు వైపు చెయ్యి చాపింది. కన్నాలు చూసి వెనక్కి తీసుకుంది.

"ఇంకొకసారి చెప్పు" అన్నాను తమ్ముడితో. "ఎవలు ఎక్కిన్రు?"

"నువ్వే."

లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చాను. మొదటి పేజీ తెరిచి, ఒకటో నంబరు ఫిర్యాదు కింద, ఎలుగుబంటి ఎక్కింది అక్కయ్యే అని రాసి, సంతకం పెట్టమన్నాను. వాడు పప్పు చేత్తోనే పెట్టబోతే చెయ్యి కడుక్కోమన్నాను. కడుక్కుని వచ్చి పెట్టాడు. సాక్షిగా మరదలు పెట్టింది.

వాడు చెప్పింది తప్పని నాకు తెలుసు. కానీ రిజిస్టరులో ఉన్నదే నిజమని ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటరు దగ్గర నిలబడ్డ జనానికి చెప్పినదాన్ని. ఇప్పుడు మాట మార్చడం బాగుండదు.